చెవులపిల్లి అంటే తప్పెట్లయితది?

(మెదక్ పట్టణంల ప్రాథమిక బడుల టీచర్లు, తల్లిదండ్రులు, ఉద్యోగులు, విద్యార్థులు కలిసి కూసున్న సమావేశంల ఒక జర్నలిస్టు చేసిన ప్రసంగ పాఠం. ఒకటో తరగతి నుంచి మూడో తరగతి దాంక పిల్లలకు బొమ్మల పుస్తకాలు ఎట్ల ఎంచుకోవాలె అన్నది అంశం.)



నన్ను పిలిచినప్పుడు 'విద్యారంగం మీద మాట్లాడుండ్రి' అన్నరు. విద్యారంగం అంటే పెద్ద మాట. దాని మీద మాట్లాడెటోళ్లు మస్తుమంది ఉన్నరు. నేను చిన్న ముచ్చట పట్టుకొని వచ్చిన. ఆరేండ్ల పిల్ల చేతిల ఏ బొమ్మల పుస్తకం పెట్టాలె? గింతే. ఇది చిన్న ముచ్చట గదా, దీనికి మీటింగు ఎందుకు అని ఎవరికన్న అనిపిస్తే జర ఓపిక పట్టుండ్రి.

ముందుగాల పైసల సంగతి చెప్త. 2009ల వచ్చిన విద్యాహక్కు చట్టం షెడ్యూల్ల ప్రతి బడికి లైబ్రరీ ఉండాలె, అండ్ల కథల పుస్తకాలు ఉండాలె అని రాసి ఉన్నది. 2018ల మొదలైన సమగ్ర శిక్ష నిబంధనలల్ల ప్రాథమిక బడి లైబ్రరీకి ఏడాదికి 5,000 రూపాయలు అని పెట్టిండ్రు. మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను పోతది. ఈ పైసలు టైముకు వస్తయా, పూర్తిగ వస్తయా అన్నది వేరే కొట్లాట. కానీ పైస వచ్చిన ఏడాది సుత మనం ఏం కొంటున్నం?

వార్తల పని మీద బడికి పోయినప్పుడల్ల నేను అల్మార తెరిచి చూస్త. సార్లు కొందరు నవ్వుతరు, కొందరికి కోపమొస్తది. అండ్ల ఏముంటయి? జాతీయ నాయకుల జీవిత చరిత్రలు. చీమ తలకాయంత అక్షరాలతోని పంచతంత్రం. జనరల్ నాలెడ్జి. నీతి శతకాలు. ఎవరో ఒక సప్లయరు 'సెట్టు' అని కట్టగట్టి అంటగట్టిన పుస్తకాలు. వాటి మీద బడి ముద్ర ఉంటది, లోపల పేజీ మడత సుత పడి ఉండదు. ముట్టుకోని పుస్తకం కొత్తగనే ఉంటది మరి. ఒకటో తరగతి పిల్లలు చదువుకోను, కనీసం చూసుకోను పది పుస్తకాలు తియ్యుమంటే ఆ అల్మారల దొరకవు.

ఇగ పిల్లకాడికి వస్త. తరగతిల బొమ్మ చూపెట్టిండ్రు. పొడుగు చెవులు, తెల్లగ, మెత్తగ ఉన్నది. ఏంది బిడ్డా ఇది అంటే పిల్ల 'చెవులపిల్లి' అంటది. పుస్తకంల 'కుందేలు' అని ఉన్నది. సార్ 'తప్పు, కుందేలు అనాలె' అంటడు. ఇంకో బొమ్మ. పిల్ల 'బర్రె' అంటది. 'తప్పు, గేదె.' ఇంకోటి. 'మక్క కంకి.' 'మొక్కజొన్న పొత్తు.' 'ఉల్లిగడ్డ.' 'ఉల్లిపాయ.' నాలుగు సార్లు తప్పన్నంక ఐదో బొమ్మకు ఆ పిల్ల నోరు తెరువదు. తెలువక గాదు. ఇంట్ల తెలిసిన మాటలన్నీ బడిల తప్పయితయి అని తెలిసిపోయింది. ఆ తర్వాత మనం రిపోర్టుల రాస్తం, పిల్లకు పదజాలం తక్కువున్నది అని.

అక్షరమాల చార్టు చూడుండ్రి. అందరి గోడల మీద ఉంటది. ఓ కు ఓడ. మెదక్ పిల్ల ఓడను ఎన్నడు చూసింది? ఘనపూర్ ఆనకట్ట మీద నిలబడి మంజీరల చూస్తే ఓడ కనిపిస్తదా? ఋ కు ఋషి, గడ్డం, కమండలం. ఔ కు ఔషధం. మన నోట్ల అది మందుగోలి. సముద్రం, ఓడ తెలువద్దు అని నేను అంటలేను. తెలువాలె. కానీ చూసిన దానికెళ్లి చూడని దానికి పోవాలె గదా. ఆ చార్టుల నాకు నచ్చే మాట ఒక్కటే ఉన్నది, అం కు అంగడి. అది సుత బొమ్మల చూస్తే మన వారం అంగడి కాదు, పలకల తలుపులున్న దుకాణం.

మాట మీద మనం చేసిన కొట్లాట ఈ హాలుల కూసున్నోళ్లకు కొత్తగ చెప్పాల్నా? 2011ల సకల జనుల సమ్మెల బడులు బందువెట్టి రోడ్డెక్కిన సార్లు, మేడంలు ఇక్కడున్నరు. సినిమాల మన భాష రౌడీకి, జోకరుకు పెడ్తరని కాలేజీలల్ల మేము వాదించుకున్నం. 2014 తర్వాత పాఠ్య పుస్తకాలు మారినయి, మన పండుగలు, మన మనుషులు అండ్ల కొంత వచ్చిండ్రు. మంచిదే. మరి పాఠ్య పుస్తకం పక్కన ఉండాల్సిన కథల పుస్తకం? దాన్ని ఎవరు పట్టించుకున్నరు? పాఠం పరీక్షకు, బొమ్మల పుస్తకం పనిలేని పిల్లలకు అనుకున్నం. ఆరేండ్ల పిల్లకు చదువు మీద ఇష్టం పుట్టేది ఆ రెండో దాంతోనే.

ఇది ఒక్క మన గోసనే గాదు. అమెరికాల 1965ల నాన్సీ లారిక్ అనే ఆమె ఒక వ్యాసం రాసింది. 1962 నుంచి 1964 దాంక అక్కడి ప్రచురణకర్తలు వేసిన 5,206 పిల్లల పుస్తకాలను లెక్కగట్టింది. నల్ల పిల్లలు మాటలల్లనో బొమ్మలల్లనో కనిపించినయి 349. నూటికి 7 సుత లేవు. అంతకుముందే 1962ల ఎజ్రా జాక్ కీట్స్ అనే బొమ్మలాయన 'ది స్నోయీ డే' అని ఒక పుస్తకం వేసిండు. మంచు పడ్డ పొద్దుగాల ఒక చిన్న పిలగాడు బయటికి పోయి ఆడుకొని వస్తడు. కథ అంతే. ఆ పిలగాడు నల్లపిలగాడు. ఆ సంగతి కథల ఎక్కడా చెప్పరు, బొమ్మల కనిపిస్తది. ఇరవై ఏండ్ల కింద ఒక పత్రికల వచ్చిన చిన్న పిలగాని ఫోటోలు కత్తిరించి దాచుకొని, వాటిని చూసి ఆ బొమ్మ గీసిండు కీట్స్. 1963ల ఆ పుస్తకానికి కాల్డెకాట్ మెడల్ వచ్చింది. అది చదివినంక మా తరగతిల పిల్లలు మొదటిసారి తమ బొమ్మకు గోధుమ రంగు వేసుకుంటున్నరు అని ఒక టీచరు ఆయనకు ఉత్తరం రాసిందట. మన కాడ రంగుల డబ్బల గులాబీ రంగు పుల్లను పిల్లలు ఏమంటరో మీకు తెలుసు. 'స్కిన్ కలర్' అంటరు. ఎవరి తోలు అట్ల ఉన్నది ఈ మెదక్‌ల?

1990ల రూడిన్ సిమ్స్ బిషప్ అనే ప్రొఫెసర్ ఇంకో మాట చెప్పింది. పిల్లకు పుస్తకం అద్దం కావాలె, కిటికీ సుత కావాలె అని. తన మొకం కనిపించేది ఒకటి, పక్కింటోళ్ల బతుకు కనిపించేది ఒకటి. మన పిల్లలకు కిటికీలు మస్తుగున్నయి. కిటికీల నుంచి చూసీ చూసీ కండ్లు గుంజుతున్నయి. అద్దాలే లేవు.

బొమ్మల పుస్తకం అంటే ఇంగ్లీషోళ్లది, మనకు కొత్తది అని కొందరంటరు. కాదు. సిద్దిపేట దిక్కు చెర్యాల ఉన్నది. నకాషోళ్లు గుడ్డ మీద చింతగింజల అంబలి, సుద్ద పూసి, ఆరినంక కథ మొత్తం వరుసగ బొమ్మలు గీస్తరు. గజాల కొద్ది పొడుగుంటది పటం. రాత్రిపూట ఊరి నడుమ దాన్ని వేలాడదీసి, ఒక్కొక్క భాగం విప్పుకుంట, పుల్లతోని బొమ్మ చూపెట్టుకుంట కథ చెప్తరు. గౌడులకు గౌడజెట్టోళ్లు, ముదిరాజులకు కాకిపడగలోళ్లు, పద్మశాలీలకు కూనపులోళ్లు, మాదిగలకు డక్కలోళ్లు. ఏ కులానికి ఆ కులం పుట్టుక కథ, వీరుల కథ. ముందు వరుసల కూసునేది పిల్లలే. ఎవరికీ అక్షరం రాదు, కథ మాత్రం అందరికీ తెలుస్తది. చెర్యాల పటానికి జి.ఐ. గుర్తింపు అడిగి తెచ్చుకున్నం, ఇప్పుడు డ్రాయింగు రూములల్ల మాస్కులు, ఫ్రేములు పెట్టుకుంటున్నం. పటం చేసిన అసలు పని, పిల్లకు కథ చూపెట్టుడు, అది మాత్రం మరిచినం.

ఇంకా దగ్గర చూడుండ్రి. మన ఊరి చర్చి. 1924 డిసెంబర్ 25న తెరిచిండ్రు. లోపల రంగు అద్దాల కిటికీలల్ల ఏసు పుట్టుడు, శిలువ వేసుడు, పైకి పోవుడు, మూడు బొమ్మలు. పొద్దు ఎక్కేకొద్ది ఆ రంగులు మారుతయి. అక్షరం రానోళ్లు సుత అక్కడ నిలబడి కథ చదువుకున్నరు, ఇప్పటికీ చదువుకుంటరు. మతం ఏదైతేంది, బొమ్మతోని కథ చెప్పే ఇకమతు ఈ ఊరికి కొత్త కాదు అని చెప్పెటందుకు ఈ ముచ్చట తీసిన.

పటం కథ చెప్పెటాయన చేసేది ఏంది? బొమ్మ మారదు. మాట మాత్రం ఊరిని బట్టి మారుతది. ఎదురుంగ కూసున్నోళ్లకు ఏ మాట తెలుసో ఆ మాటతోని చెప్తడు. నేను ఇయ్యాల చెప్పదలుచుకున్నది ఇదే. బొమ్మల పుస్తకం తెచ్చుకొని, దాన్ని పటం లెక్క చదువుండ్రి. బొమ్మ అచ్చుల ఉన్నదే ఉంటది. మాట మీది. అచ్చుల 'కుందేలు' అని ఉంటే 'చెవులపిల్లి' అని చదివి, దాన్ని పుస్తకంల 'కుందేలు' అంటరు అని చెప్పుండ్రి. బోర్డు మీద రెండు మాటలు పక్కపక్కన రాయుండ్రి. పిల్ల పెద్దగయినంక రెండూ దానివే అయితయి. రెండు మాటలు తెలుసుడు నష్టం ఎట్లయితది?

సరే, ఏ పుస్తకం తేవాలె? దుకాణంలనో, పుస్తకాల ప్రదర్శనలనో పుస్తకం చేతిలకు తీసుకోంగనే మొదలు చేయాల్సిన పని ఒకటున్నది. అరచెయ్యితోని మాటలను మూసి బొమ్మలు మాత్రమే చూడుండ్రి. కథ ఎంతో కొంత తెలుస్తుందా? తెలిస్తే అది బొమ్మల పుస్తకం. తెలువకపోతే బొమ్మలు అంటించిన పుస్తకం. ఈ తేడా పెద్దోళ్లకు తొందరగ పట్టదు, ఎందుకంటే మనకు పిల్లల పుస్తకం అనంగనే చందమామ గుర్తుకొస్తది. 1947 జూలైల మొదలైన పత్రిక, చిత్ర, శంకర్, వపా వంటి గొప్ప బొమ్మలోళ్లు గీసిండ్రు. ఇప్పుడు వస్తలేదు. దాన్ని నేను తక్కువ చేస్తలేను. కానీ అది చదువ వచ్చిన పిల్లలది. పేజీ నిండ అచ్చు, ఒక మూలకు బొమ్మ. ఒకటో తరగతికి కావాల్సింది బొమ్మనే సగం కథ చెప్పే పుస్తకం.

ఒక ఉదాహరణ నేనే కట్టి చెప్త. అచ్చుల ఒకటే వాక్యం, 'అవ్వ అంగడికి పోయింది.' బొమ్మల అవ్వ ముందుకు పోతున్నది, నెత్తి మీద గంప. వెనుక మ్యాకపిల్ల ముందటి కాళ్లు ఎత్తి గంపలకెళ్లి తోటకూర గుంజుకొని తింటున్నది. అచ్చుల మ్యాకపిల్ల మాటనే లేదు. పిల్ల ఏం చేస్తది? 'అవ్వా, మ్యాకపిల్ల తింటున్నదే!' అని ఒర్రుతది. అవ్వకు తెలువనిది పిల్లకు తెలిసింది. అక్షరాలు చదివే సార్ కంటే బొమ్మ చూసే పిల్లకే ముందు తెలిసింది. ఆ గెలుపు కొరకు పిల్ల పుస్తకాన్ని మళ్ల తెరుస్తది. పదిసార్లు తెరుస్తది. ఇట్లాంటి పేజీ ఒక్కటన్న ఉన్న పుస్తకం కొనుండ్రి. బొమ్మల అవ్వ, మాటలల్ల అవ్వ, ఇంకేం లేకపోతే ఒక్కసారి చూసి పక్కకు పెడ్తది.

తర్వాత, దుకాణంలనే నిలబడి రెండు పేజీలు గట్టిగ చదువుండ్రి. సిగ్గుపడకుండ్రి. నోరు తిరుగుతున్నదా? చాలా పుస్తకాలు ఇంగ్లీషు నుంచో హిందీ నుంచో దింపినయి. 'ఓహ్, ఎంతటి అద్భుతమైన ఉదయమిది అని చిట్టి ఆశ్చర్యపోయింది' అని ఉంటది. ఏ పిల్ల మాట్లాడుతది అట్ల? అట్లాంటిది పక్కన పెట్టుండ్రి, బొమ్మలు ఎంత మంచిగున్నా సరే. ఇంకో రకం ఉన్నది. ఒత్తులు, దీర్ఘాలు రాని పదాలతోనే రాస్తం, ఒకటో తరగతికి అల్కగ ఉంటది అని కథను పిండి పిప్పి చేస్తరు. పిల్ల చదువలేని మాట ఉంటే టీచరు చదువుతడు, అమ్మ చదువుతది. వినుడు వేరు, చదువుడు వేరు. చెవికి వెయ్యి మాటలు తెలిసిన పిల్లకు కంటికి పది మాటల పుస్తకం పెడితే నిద్రొస్తది. అయితే అచ్చు మాత్రం పెద్దగ ఉండాలె, ఒత్తు కింద ఒత్తు అతుక్కపోకుండ కనిపించాలె. పేజీకి రెండు మూడు వాక్యాలు. మొత్తం 16 పేజీలో 24 పేజీలో ఉంటే చాలు, ఒక్క కూసుండుల అయిపోతది.

ఆఖరు పేజీ చూడుండ్రి. 'కాబట్టి పిల్లలూ, పెద్దల మాట వినవలెను' అని తోక ఉన్నదా? ఉంటే నా తరఫున అది వద్దు. మన కాడ పిల్లల కథ అంటే నీతి మాత్ర మింగించుడు అయిపోయింది. పిల్లలు మాత్రను నోట్ల పెట్టుకొని బెల్లం తిని మాత్ర ఉమ్మేస్తరు, అది వేరే సంగతి.

ఇగ బొమ్మల లోపలికి పోదాం. ఇల్లు ఎట్లున్నది? అందరి ఇల్లు డాబా, ముందు పూలతోట, గేటు, సోఫా? వంట ఎవరు చేస్తున్నరు, పేపరు ఎవరు చదువుతున్నరు? మంచోళ్లు తెల్లగ, దొంగ నల్లగ ఉన్నడా? మోకు, ముస్తాదు కట్టుకొని ఈతచెట్టు ఎక్కే గౌడన్న ఉన్నడా? ఉంటే మనిషి లెక్క ఉన్నడా, నవ్వెటందుకు ఉన్నడా? బీడీలు చేసే అమ్మ, చెప్పులు కుట్టే తాత, మసీదుకు పోయే నాన్న, కాలు సక్కగ లేని పిలగాడు ఎక్కడన్న కనిపిస్తున్నరా? కథ వాళ్ల కష్టం గురించే కానక్కరలేదు. వాళ్ల ఇంట్ల పిల్ల గాలిపటం ఎగిరేసినా చాలు. ఒక్కొక్క పుస్తకంల అన్నీ ఉండాలె అని నేను అంటలేను. అల్మారల మొత్తం కలిపి చూస్తే ఉండాలె.

ఈ పని మొదలు పెట్టినోళ్లు లేరని గాదు. హైదరాబాద్‌ల అన్వేషి స్త్రీ పరిశోధన కేంద్రం 2008ల 'డిఫరెంట్ టేల్స్' పేరుతోని ఒక పుస్తకాల వరుస తెచ్చింది. తెలుగు, మలయాళం, ఇంగ్లీషులల్ల. అండ్ల మన తాండూరు దిక్కు పెద్దేముల్ బిడ్డ గోగు శ్యామల రాసిన కథలున్నయి, ఖదీర్‌బాబు తలకాయ కూర కథ ఉన్నది. దళిత వాడల, ముస్లిం ఇంట్ల పిల్లలు కథకు నడుమ నిలబడ్డ పుస్తకాలు అవి. ఇవి ఒకటో తరగతికి కాదు, కొంచెం పెద్ద పిల్లలకు. కానీ టీచర్లు ముందుగాల మీరు చదువుకోండ్రి. బొమ్మ ఎట్ల గీస్తే పిల్ల తలెత్తుకుంటదో తెలుస్తది.

చిన్నోళ్లకు దొరికేటియి చెప్త. సికింద్రాబాద్ తార్నాకల 'మంచి పుస్తకం' ఉన్నది, తక్కువ ధరకు బొమ్మల పుస్తకాలు వేస్తది. అమెరికాల ఉన్న తెలుగోళ్ల సంఘం తానాతోని కలిసి బొమ్మల కథల పోటీలు సుత పెట్టింది. నేషనల్ బుక్ ట్రస్ట్ పుస్తకాలు అన్నిటికంటే చవుక. అండ్ల కొన్ని మాటల్లేని పుస్తకాలున్నయి, వట్టి బొమ్మలే, వాటి సంగతి మళ్ల చెప్త. చెన్నై తూలికోళ్లు ఇంగ్లీషు, తెలుగు పక్కపక్కన ఉండే పుస్తకాలు వేస్తరు. ధర కొంచెం ఎక్కువ, కాగితం గట్టిది. బెంగళూరు ప్రథమ్ బుక్స్ 2015ల 'స్టోరీవీవర్' మొదలుపెట్టింది. దాని మీద 300 దాటిన భాషలల్ల కథలున్నయి, పైస కట్టేది లేదు. దాని లైసెన్సు ఎట్లాంటిదంటే, పేరు చెప్పుకుంట ఎవరన్న దించుకోవచ్చు, అచ్చేసుకోవచ్చు, తర్జుమా చేసుకోవచ్చు, మాట మార్చుకోవచ్చు. మొదటి మెట్టు కథలల్ల 250 మాటలు దాటవు. అంటే 'కుందేలు' కథను 'చెవులపిల్లి' కథ చేసుకునే హక్కు మీకు రాసిచ్చి పెట్టిండ్రు. ఈ జిల్లాల నలుగురు టీచర్లు ఆదివారం కూసుంటే నెలకు పది పుస్తకాలు మన మాటలల్లకు వస్తయి. నలుపు తెలుపు ప్రింటు మాత్రం తియ్యకుండ్రి, బొమ్మ చచ్చిపోతది. రంగు ప్రింటుకు పైసల్లేకపోతే బడిల ఉన్న తెర మీద చూపెట్టుండ్రి.

గీసెటోళ్లు లేరా మనకు? సిద్దిపేట కాపు రాజయ్య, 1925 నుంచి 2012 దాంక బతికిన మనిషి, మన పల్లె ఆడోళ్లను, పండుగలను నకాషి గీతలకెళ్లి నేర్చుకున్న గీతతోని గీసిండు. పాత మెదక్ జిల్లా నిజాంపూర్‌ల పుట్టిన లక్ష్మాగౌడ్ మ్యాకలను గీస్తే మ్యాక లేచి వచ్చినట్టుంటది. బూరుగుపల్లి వైకుంఠం ఉన్నడు. వైకుంఠానికి బరోడాల పాఠం చెప్పిన కె.జి. సుబ్రమణ్యన్ పిల్లల కొరకు బొమ్మల పుస్తకాలు సొంతంగ రాసి గీసిండు. పెద్ద కళాకారుడు చిన్న పిల్లలకు గీస్తే పేరు పోతది అనుకోలె ఆయన. చెన్నై తారా బుక్స్ 2009ల బెంగాల్ పటచిత్రకారులు జయదేవ్, మొయినా చిత్రకార్‌ల పటాన్ని అచ్చం పటం లెక్కనే మడత విప్పే పుస్తకం చేసింది, సునామీ కథ. బెంగాల్ పటం పుస్తకమైతే చెర్యాల పటం ఎందుకు కాదు? ఫైన్ ఆర్ట్స్ చదివే మన పిల్లలు పని లేక ఫ్లెక్సీలు డిజైన్ చేస్తున్నరు. సర్కారు గానీ, అకాడమీ గానీ ఏడాదికి ఇరవై పుస్తకాలకు ఆర్డరిస్తే ఆ చేతులకు పని దొరుకుతది.

ఇప్పుడు జర చేదు మాట. బతుకమ్మ బొమ్మ అట్ట మీద వేస్తే తెలంగాణ పుస్తకం అయిపోతదని అనుకునే రోగం మనకు వచ్చింది. కోస్తా మాట మన పిల్ల నోరు మూసింది అన్నం. మరి తండా పిల్ల? మెదక్ చుట్టూ తండాలే. ఇంట్ల గోర్‌బోలి మాట్లాడుకొని బడికి వచ్చే పిల్లకు 'కుందేలు' ఎంత పరాయిదో 'చెవులపిల్లి' అంత పరాయిదే. 2004ల ఉమ్మడి రాష్ట్రంల ఎనిమిది గిరిజన భాషలల్ల ఒకటో తరగతి నుంచి చదువు చెప్పే పథకం పెట్టిండ్రు. అండ్ల బంజారా భాష ఉన్నది, తెలుగు లిపిలనే పుస్తకాలు రాసిండ్రు. అంటే చేయవచ్చు అని ఇరవై ఏండ్ల కిందనే తేలింది. ఈ జిల్లాల తండా బడులల్ల గోర్‌బోలి బొమ్మల పుస్తకం ఒక్కటన్న ఉన్నదా, రేపు మీరే పోయి చూడుండ్రి. తండా నుంచి వచ్చి డిగ్రీ చదువుతున్న తమ్ముళ్లు ఈ హాలుల ఉన్నరు. ఇందాక చెప్పిన స్టోరీవీవర్ పని మీరు చేయవచ్చు, మీ చెల్లె కొరకు.

ఉర్దూ మీడియం బడులు సుత మనయే. వాళ్లకు పుస్తకాలు కొనేటప్పుడు ఒక సంగతి యాది పెట్టుకోండ్రి. ఉర్దూ పుస్తకం కుడి నుంచి తెరుచుకుంటది, కథ కుడి నుంచి ఎడమకు నడుస్తది. తెలుగు పుస్తకం బొమ్మలనే ఉంచి ఉర్దూ అచ్చు పోస్తే బొమ్మల పిలగాడు వెనుకకు ఉరుకుతున్నట్టుంటది. ఢిల్లీల జాతీయ ఉర్దూ మండలి పిల్లల పుస్తకాలు వేస్తది, 'బచ్చోం కీ దునియా' అని నెలనెల పత్రిక తెస్తది. మన బడులకు అది తెప్పిస్తున్నరా? ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి వచ్చిన పిల్లలు ఆరు నెలలు ఇక్కడనే ఉంటరు. వాళ్లకు ఒడియా పుస్తకాలు నాలుగు తెచ్చి పెడ్తే ఏం పోతది?

ఇంగ్లీషు మీడియం ముచ్చట లేకుంట ఈ మీటింగు అయిపోదు అని నాకు తెలుసు. 2022-23 నుంచి సర్కారు బడులల్ల ఇంగ్లీషు మీడియం వచ్చింది, పాఠ్య పుస్తకంల ఒక దిక్కు ఇంగ్లీషు, ఒక దిక్కు తెలుగు. తల్లిదండ్రులు అడిగిండ్రు, వచ్చింది. కూలి చేసే తల్లి తన బిడ్డకు ఇంగ్లీషు కావాలె అంటే వద్దు అని చెప్పెటందుకు నేనెవర్ని? కానీ ఇంగ్లీషు రావాలె అని యాపిల్, ఇగ్లూ ఉన్న పుస్తకాలు కుప్పగ కొనకుండ్రి. రెండు భాషలు పక్కపక్కన ఉన్నయి కొనుండ్రి. ముందుగాల మన మాటల కథ చెప్పుండ్రి, తెల్లారి అదే కథ ఇంగ్లీషుల చదువుండ్రి. కథ తెలిసిన పిల్ల ఇంగ్లీషు మాటను బొమ్మ మీద పెట్టి గుర్తు పట్టుకుంటది. కథ తెలువకపోతే రెండు భాషలూ లొల్లే.

మాటల్లేని పుస్తకాల సంగతి మళ్ల చెప్త అన్న గదా. సదువు రాని అమ్మలు ఇక్కడ కొందరు కూసున్నరు. బీడీల చాట ముందట పెట్టుకొని, మాకేం తెలుసు బిడ్డా పుస్తకాలు అంటరు. అక్కా, మాటల్లేని బొమ్మల పుస్తకం మీకు, కలెక్టరుకు ఒకటే లెక్క. బొమ్మ చూసి కథ చెప్పుడే. మీరు సాయంత్రం పది నిమిషాలు పిల్లను ఒళ్ల కూసోబెట్టుకొని, ఇది ఏం చేస్తున్నదే, ఎందుకు ఏడుస్తున్నదే అని అడిగితే చాలు. అదే చదువు. బడోళ్లు ఆ పుస్తకాలను వారానికొకటి ఇంటికి పంపాలె.

పంపాలె అనంగనే సార్లు నా దిక్కు అదో తీరుగ చూస్తున్నరు. పోతే ఎవరు కట్టాలె, చినిగితే ఆడిటుకు ఏం చెప్పాలె అని. మీ భయం నాకు తెలుసు, స్టాకు రిజిస్టరు మీ మెడకే ఉంటది. అందుకే చినిగిన పుస్తకాన్ని వాడకంల అరిగిపోయినట్టు రాసుకునే వీలు ఇయ్యాలె అని సంఘం నాయకులు అధికారుల ముందట పెట్టాలె. పి.ఆర్.సి. కొరకు అడిగినంత గట్టిగ కాకపోయినా, జర గట్టిగనే అడుగుండ్రి. అప్పటిదాంక గుడ్డ సంచిల వేసి పంపుండ్రి, అంచులకు టేపు వేయుండ్రి, పిన్నులు కొట్టిన పుస్తకమైతే నడుమ దారం కుట్టియ్యుండ్రి. ఉద్యోగులకు ఒక మాట. రిటైర్మెంటు ఫంక్షన్లకు శాలువలు మస్తు కప్పుతున్నం, అల్మారలల్ల పెట్ట జాగ లేదు. అండ్ల సగం పైసలు పిల్లలు చదివిన బడికి పుస్తకాలు కొనియ్యుండ్రి. కొనేటప్పుడు సెట్టు కొనకుండ్రి. ఒక్కొక్క పుస్తకం చూసి కొనుండ్రి. సగటున 50 రూపాయలనుకుంటే 5,000లకు 100 పుస్తకాలు వస్తయి. మూడు తరగతులకు 100 మంచి పుస్తకాలు ఉన్న బడి ఈ చుట్టుపక్కల ఎన్ని ఉన్నయో వేళ్ల మీద లెక్కపెట్టుకోండ్రి.

ఎక్కువ మాట్లాడిన. సంచిల ఓ నలభై పుస్తకాలు తెచ్చిన, మంచియి, చెడ్డయి కలిపి. ఆ వెనుక బల్ల మీద పరుస్త. పిల్లలను ముందుగాల రానియ్యుండ్రి. వాళ్లు ఏది తీసుకుంటరో, ఏ పేజీ కాడ ఆగుతరో మనం పక్కన నిలబడి చూద్దాం. చాయ్ అటెంక తాగుదాం.